తగ్గిందా, టీచరమ్మా?

నా నొప్పి మిషను లోపల బల్ల మీద ఉంది, నేను బయట వరండాలో బెంచీ మీద ఉన్నాను, మా ఇద్దరి మధ్య ఒక ఆకుపచ్చ తెర ఊగుతోంది. గాలికి తెర కాస్త తొలగినప్పుడల్లా కనిపిస్తూనే ఉంది, మూడింటిలో నాది మధ్యది, సబ్బుపెట్టెంత ఉంటుంది, వీపున తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద 'జీవమ్మ టీచర్, ఆళ్ళగడ్డ' అని కల్పన రాసింది. కోడి గీరినట్టుంటుంది ఆ పిల్ల రాత, నా బడిలో అయితే పలక తుడిపించి మళ్ళీ రాయించేదాన్ని. నంద్యాల బస్టాండులో దిగి, ఈ బంగళా మెట్లెక్కి, చెమట తుడుచుకునే లోపలే అటెండరు దేవరాజు పిలిపించిన మా ముగ్గురి దగ్గరా మిషన్లు తీసేసుకున్నాడు. కంపెనీ ఆయన చూడాలంట, హైదరాబాదు నుంచి వచ్చిన కమిటీ సార్లు చూడాలంట, మళ్ళీ ఇస్తారో ఇవ్వరో తనకు తెలియదంట. ఇవ్వరో అన్న మాట వినగానే నా నడుము చెవులు రిక్కించింది. అంతవరకు మర్యాదగానే ఉంది పాపం, బస్సులో వచ్చినంతసేపూ మిషను కట్టుకునే వచ్చాను కాబట్టి. ఇప్పుడు లేస్తోంది. దాని దారి నాకు తెలుసు, ఎడమ నడుములో బయలుదేరి, పిరుదు మీదుగా తొడ వెనకాల దిగి, మోకాలి మడత దగ్గర కాసేపు ఆగి, మడమకు చేరుతుంది. ఆళ్ళగడ్డలో ఎక్కి, శిరివెళ్ళలో ఆగి, నంద్యాలలో దిగినట్టు. ఇప్పుడింకా ఆళ్ళగడ్డ దాటలేదు. అది నంద్యాల చేరేలోపల నన్ను లోపలికి పిలిస్తే బాగుండును.

లోపల తేల్చాల్సింది ఒక్కటే, సర్కారు ఈ మిషన్లు కొనాలా వద్దా. కల్పన ఫిజియోథెరపీ చదివిన పిల్ల, మాకు ఇవి తెచ్చి ఇచ్చింది తనే, అంతా విడమరిచి చెప్పింది. నయం చేసే మందులు కొనడం సర్కారుకు మామూలే, నయం కాని నొప్పిని మనిషి తన ఇంట్లో తానే సంబాళించుకునే మిషను కొనడం కొత్త, అందుకే ముందు కొందరికి ఇచ్చి చూసి, వాళ్ళను పిలిచి అడిగి, ఆ తర్వాతే తేలుస్తారు. కొంటే జిల్లా అంతటా నాలాంటి వాళ్ళకు ఇస్తారు, నాది నా దగ్గరే ఉంటుంది. కొనకపోతే ఈ మూడూ అట్టపెట్టెలో పడి కంపెనీకి తిరిగిపోతాయి. 'అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు టీచరమ్మా, అంతే' అంది కల్పన. అంతే అనేసింది. ఉన్నదున్నట్టు చెప్పడం ఆ పిల్లకు అంత సులువు కాబోలు. నాకు నొప్పి వచ్చిన ఇన్నేళ్ళలో ఉన్నదున్నట్టు ఎవరికి చెప్పాను గనుక. డాక్టరుకు చెప్పాను మొదట్లో, ఆయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి 'ఎముకలన్నీ బంగారంలా ఉన్నాయమ్మా' అన్నాడు. బంగారమే అయితే ఈపాటికి కుదువ పెట్టుకుని ఉందును. ఇంకో డాక్టరు పెళ్ళయిందా అని అడిగి, కాలేదంటే అదోలా తలూపాడు. బడిలో బీరువా జరిపిన రోజు పట్టుకుంది అనుకుంటాను, సరిగ్గా అదే రోజని ప్రమాణం చేయలేను. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, దెబ్బయితే కట్టు కనిపిస్తుంది, ఇది ఎవరికీ కనబడదు. అందుకని నా ముఖం కూడా దాన్ని కనబడనివ్వకుండా నేర్చుకుంది, పళ్ళు బిగించి, కళ్ళు కాస్త పెద్దవి చేసి, ఏదో ఆలోచిస్తున్నట్టు. పిల్లలు మాత్రం నేను కోపంగా ఉన్నాననుకుని ఎక్కాలు ఇంకా గట్టిగా చదివేవాళ్ళు.

మా వీధి చివర విగ్రహాలు చెక్కే కొట్టాలు ఉన్నాయి, పొద్దు పొడిచినప్పటి నుంచి ఉలి చప్పుడే. నేను చాప మీద పడుకుని ఉంటే ఒక్కో దెబ్బా వచ్చి నడుములో దిగుతుంది, ఆ శిల్పులకు తెలియదు వాళ్ళు ఎవర్ని చెక్కుతున్నారో. ఆదివారం ఉలి ఆగుతుందేమో అని చూస్తాను, ఆదివారం మాకు సెలవు గాని రాతికి కాదు. అయినా ఆ చప్పుడు లేని పూట ఇంకా కష్టం, గదిలో నేనూ అదీ మిగిలిపోతాం. ఒకప్పుడు అడిగేవాళ్ళు. గుడి నుంచి వస్తుంటే, బోరింగు దగ్గర, చింతపండు కొట్లో, 'తగ్గిందా టీచరమ్మా?' అని. ఆ ప్రశ్నంటే నాకు ఒళ్ళు మండేది అప్పట్లో. తగ్గలేదంటే 'అయ్యో' అని ఒక నిమిషం నిలబడి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక వాళ్ళూ నేనూ చెప్పులవైపు చూసుకునేవాళ్ళం, అందుకని తగ్గింది తగ్గింది అనేదాన్ని. ఇప్పుడు ఆ ప్రశ్న కూడా లేదు. ఆ ప్రశ్న పోయిన రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం ఉపవాస కూటంలో కష్టం ఉన్నవాళ్ళు చెప్పుకుంటారు, అందరూ చేరి ప్రార్థన చేస్తారు, మరుసటి వారం ఆ కష్టం తీరినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. తీరనివాళ్ళు లేవరు. ఇంకా తీరలేదు అని సాక్ష్యం చెప్పిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నా నడుము కోసం ఎన్ని వారాలు ప్రార్థన చేశారో, ఎన్ని వారాలు నేను కూర్చున్నచోటే కూర్చున్నానో, చివరికి పాస్టరమ్మ భారతమ్మకే ఓపిక చాలలేదేమో, ఒక శుక్రవారం తనే లేచి 'మన జీవమ్మ టీచరు నడుమును ప్రభువు ముట్టినాడు, నిన్న బడికి గబగబా నడిచి పోతాంటే నా కండ్లారా చూసినా' అంది. నేను రోజూ నడిచే పోతాను, రిక్షా ఎక్కితే కుదుపుకు ప్రాణం పోతుంది కాబట్టి, గబగబా పోతాను, ఆగితే మళ్ళీ అడుగు పడదు కాబట్టి. ఎవరికి చెప్పేది? చప్పట్లు కొట్టారు, స్తోత్రం అన్నారు, ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, అంత సంతోషపడుతున్న ముఖాలన్నీ నావైపు తిరిగితే ఆ మధ్యలో నా నడుము సంగతి ఎత్తడం ఎట్లా. భారతమ్మ చెడ్డది కాదు, ఆ సాయంత్రం మునక్కాయల పులుసు పంపింది. పులుసు తిన్నాను, పడుకున్నాను, గోడవైపు తిరగలేక పైకప్పు చూస్తూ ఉన్నాను. అప్పటి నుంచి నన్ను ఎవరూ అడగలేదు. వాళ్ళకు నా నొప్పి పోయింది. నాకొక్కదానికే మిగిలింది.

మోకాలి మడత దగ్గర చురుక్కుమంటోంది, శిరివెళ్ళ వచ్చినట్టుంది. బెంచీ అంచు మరీ వాడిగా ఉంది, ఎవరు చేయించారో గాని కూర్చునేవాళ్ళకు కాళ్ళుంటాయని అనుకున్నట్టు లేదు. కల్పన బడికి వచ్చిన రోజు కూడా ఇట్లాంటి బెంచీ మీదే కూర్చున్నాను, పిల్లల వెన్నెముకలు చూడ్డానికి వచ్చి నన్ను చూసింది ఆ పిల్ల, అందరూ వెళ్ళిపోయాక పక్కన కూర్చుని, తగ్గిందా అనలేదు, ఎంత నొప్పి అనలేదు, 'ఆ నొప్పి నిన్ను ఏం చేయనీకుండా ఆపుతాంది టీచరమ్మా?' అంది. ఎవరూ అట్లా అడగలేదు ఎప్పుడూ. ఆలోచించకుండా 'సంగటి కెలకలేను' అనేశాను. అని నాలుక్కరుచుకున్నాను, ఇంత చదువుకున్న పిల్ల ముందు సంగటేమిటి అని. ఆ పిల్ల నవ్వలేదు. వాళ్ళమ్మా అంతేనంట, సంగటి కట్టె పట్టిందంటే నడుమంతా తిప్పాల్సిందేనంట. ఆ తర్వాత వారం మిషను తెచ్చింది, నల్ల రబ్బరు బిళ్ళలు నడుముకు ఎక్కడ అంటించుకోవాలో నా చెయ్యి పట్టుకుని చూపించింది. మిషను మీది చక్రం ఎంత తిప్పాల మేడం అని అడిగాను, మాత్రలైతే పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని ఉంటుంది కదా. 'నన్నడిగితే ఎట్ల? నడుము నీది, చక్రం నీ చేతిలో ఉండాది. నీకు ఎంత కావాల్నో అంత' అంది. నాకు ఎంత కావాలో అంత. ఈ మాట నాతో ఇంకెవరైనా ఎప్పుడైనా అన్నారేమో అని ఆ రోజంతా వెతుక్కున్నాను. హాస్టల్లో పెరిగినదాన్ని, గంట కొడితే లేచి గంట కొడితే తిన్నదాన్ని, మా అమ్మ ఓబులమ్మ కూడా గరిటెతో తనే కొలిచి పెట్టేది.

తిప్పితే చీమలు పాకినట్టు జివ్వుమంటుంది, ఇంకాస్త తిప్పితే ఆ జివ్వు కింద నొప్పి గొణుగుతూ ఉండిపోతుంది. పోదు. ఇది ఎవరికైనా ఎట్లా చెప్పాలో తెలియడం లేదు, పోదు, ఉంటుంది, కాని పక్కకు జరుగుతుంది, జరిగితే నాకు చోటు దొరుకుతుంది. ఆ చోట్లో ఒకరోజు ఎసరు పెట్టాను. బియ్యం ఉడికాక రాగిపిండి పోసి, సంగటి కట్టె ఎక్కడుందో వెతికితే బియ్యం డబ్బా వెనక బూజు పట్టి కనిపించింది, కడిగి, కుండను పాదాల మధ్య ఒడిసిపట్టి కెలికాను. ఉండలు కట్టకుండా కెలికాను. భుజాలు, నడుము, అన్నీ నావే అన్నట్టు కదిలాయి, కళ్ళనీళ్ళు కారి కుండలో పడతాయేమో అని ముఖం పక్కకు తిప్పుకుని మరీ కెలికాను. చేతులు తడి చేసుకుని ముద్దలు చేస్తే ఒకటి ఎక్కువైంది. పక్కింటికి ఇద్దామని లేచి గుమ్మం దాకా పోయాను కూడా. ఇచ్చి ఏమని చెప్పను? వాళ్ళ లెక్కలో నా నడుము ఎప్పుడో బాగైపోయింది కదా, బాగున్న మనిషి సంగటి కెలికితే ఏం వింత. వెనక్కి వచ్చి రెండు ముద్దలూ ఊరిబిండి పచ్చడితో నేనే తిన్నాను. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు, అంత ఒంటరిగా కూడా ఎప్పుడూ తినలేదు.

'జ్ఞానప్రకాశం!' దేవరాజు కేక. ఆ చివర కూర్చున్న పెద్దాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఈ ఊరి మనిషే, నూనె మిల్లులో బస్తాలు మోసి మోసి మెడా వీపూ పట్టేసిన మనిషి, వాళ్ళ గుడిలో సంఘ పెద్దంట, వచ్చినప్పటి నుంచి వరసగా నాకూ, నా పక్కన నేల మీద కూర్చున్న మల్లమ్మకూ వాక్యాలు చెబుతూనే ఉన్నాడు. తెర పక్కకు పోయింది, మళ్ళీ పడింది. మాటలు మాత్రం బాగా వినిపిస్తున్నాయి, ఆయన గొంతు గుడికి అలవాటైన గొంతు. ఎట్లా ఉంది పెద్దాయనా అని సారు అడగడం, ఒక్క క్షణం ఆగడం, ఆ ఆగడంతోనే నాకు తెలిసిపోయింది ఏం రాబోతోందో, సాక్ష్యానికి ముందు అందరూ అట్లాగే ఆగుతారు. 'దేవునికి స్తోత్రం సార్! ఈ మిషను నా ఒంటికి తగిలిన దినమే నా నొప్పి నన్ను ఇడిసిపెట్టి పోయింది సార్. పూర్తిగా పోయింది! ఇచ్చిన మీరు, మీ బిడ్డలు సల్లగుండాల!' చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు గాని ఉంటే మోగిపోయేవి. అన్నా, అన్నా, అనుకుంటున్నాను నేను బయట. లోపల కుర్చీ కిర్రుమంది. 'పూర్తిగా పోయిందంటున్నాడు కదా' అని ఒక సారు గొంతు, తాపీగా, 'పోయేదే అయితే ఇంటింటికీ ఒకటి ఎందుకండీ? ఆసుపత్రిలో ఒకటి పెట్టి, వచ్చినవాళ్ళకు పెట్టి పంపిస్తే సరిపోతుంది.' కల్పన గొంతు, 'సార్, అది అట్ల పోయే నొప్పి కాదు సార్, ఆయన ఉద్దేశం...' 'ఆయనే చెబుతున్నాడు కదమ్మా.'

జ్ఞానప్రకాశం నవ్వు ముఖంతో బయటికొచ్చి దేవరాజు ముందు చెయ్యి చాపాడు. 'నా మిషను యాడ పెట్టినారప్పా? ఇస్తే తొందరగా పోతా, ఎండ ముదురుతాంది.' దేవరాజు ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు. 'నయమయ్యిందంటివి గదా పెద్దాయనా, ఇంగ నీకెందుకు?' చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. మెల్లగా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, కూర్చునేటప్పుడు మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి కూర్చున్నాడు, పూర్తిగా పోయిన నొప్పి ఆయన్ని అట్లా తిప్పింది. నేను వంగి, 'అన్నా, మళ్ళీ లోపలికి పోయి ఇంకా ఉండాదని చెప్పు' అన్నాను. 'ఎట్ల చెప్తా టీచరమ్మా? స్తోత్రం చెప్పి వస్తి గదా. ఇచ్చిన సాక్ష్యం ఎనిక్కి తీసుకుంటారా ఎవురన్నా?' 'నొప్పి ఉండాదా లేదా?' అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. 'ఉండాది. అది పెట్టుకుంటేనే కునుకు పడతాది. కానీ ఇచ్చినోళ్ళ మొగం మీద ఇంగా ఉండాదని ఎట్లంటాం? బాగుండదు గదా.' బాగుండదు. మా అందరికీ అదే జబ్బు, దానికి ఏ కంపెనీ మిషను చేస్తుందో. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆయన నూనె మరకల తువ్వాలు చూసి ఆ కోపం నిలవలేదు. ఆ కుర్చీలో నేనున్నా నోట్లోంచి మొదట వచ్చేది అదే మాట.

బనగానపల్లె బస్సులో కూడా అదే కదా చేసింది నా ముఖం. పిల్లల్ని మామిడి తోటలకు తీసుకుపోయిన రోజు, తిరుగు ప్రయాణంలో పిల్లలంతా చేతులు జిగటజిగటగా నిద్రపోయారు, బస్సంతా మామిడి సొన వాసన. ఎడ్విన్ మాస్టరు నా పక్కన కూర్చున్నాడు. ఐదో తరగతి చెప్పేవాడు, గుడిలో హార్మోనియం వాయించేవాడు, మాట్లాడేటప్పుడు కూడా వేళ్ళు మోకాలి మీద ఆడుతూనే ఉండేవి. ఆ వేళ్ళు ఆగాయి. 'నేను ఈడికి బదిలీ అడుగుదామనుకుంటాండా జీవమ్మా. నువ్వు గూడా వస్తావా, నాతో?' అన్నాడు. ఆ క్షణాన్నే బస్సు గుంతలో పడింది. నడుములోంచి మడమ దాకా ఒక్కసారిగా చీల్చుకుపోయింది, పళ్ళు బిగించాను, కళ్ళు పెద్దవి చేశాను, కిటికీవైపు తిరిగిపోయాను. అది ఆయన చూశాడు. నేను వస్తాననే చెప్పబోయాను, ఊపిరి అందితే చెప్పేదాన్ని, ఊపిరి అందేసరికి ఆయన 'సరేలే' అని లేచి ముందు సీటుకు పోయి పిల్లల తలలు సర్దుతున్నాడు. మర్నాడు చెప్పలేకపోయావా అంటే, ఏమని చెప్పను, నిన్న నేను ముఖం తిప్పుకుంది నిన్ను చూసి కాదు, నా నడుము నొప్పికి అని చెప్పనా. నమ్మినా రోగిష్టిది అనుకుంటాడు, నమ్మకపోతే సాకు అనుకుంటాడు. బదిలీ మీద పోయాడు, పెళ్ళి చేసుకున్నాడు, అక్షయ అని కూతురంట, బాగా పాడుతుందంట. నన్ను తలుచుకుంటే ఆయనకు గుర్తొచ్చేది ఆ కిటికీవైపు తిరిగిన ముఖమే కదా. ఒక్క గుంత. ఆ రోడ్డు ఇప్పుడు కొత్తగా వేశారు, గుంతలు లేవు.

పిక్కలో నిప్పు పెట్టినట్టుంది, శిరివెళ్ళ కూడా దాటింది. పక్కన నేల మీద కూర్చున్న మల్లమ్మ నా చీర కుచ్చెళ్ళు పట్టి లాగింది. అహోబిలం పైన చెంచు గూడెం నుంచి వచ్చింది, చింతకాయలు రాల్చబోయి కొమ్మ మీద నుంచి పడి భుజం నొప్పి తెచ్చుకుంది, బెంచీ మీద కూర్చోమంటే అది సర్కారుదంటూ కూర్చోలేదు. 'అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. లోపల ఏం చెప్తే నాది నాకిస్తారు?' అంది. 'పోయిందంటే ఆ తాతకు ఇయ్యల్యా. పోలేదంటే పని జెయ్యని మిషనని పెరుక్కుంటారు. ఏం చెప్పాల నేను? నాది నాకు ఇయ్యకుంటే ఈడనే కూర్చుంటా, కొండెక్కను.' పిల్లలు లెక్క తెలియక నా ముఖం చూసినట్టు చూసింది. నేను ఇన్నేళ్ళు బల్లలు గుద్ది జవాబులు చెప్పించినదాన్ని, వేళ్ళ మీద లెక్క వేసి చూశాను. పోయిందంటే పెట్టె ఆసుపత్రికి, పోలేదంటే కంపెనీకి. ఏదన్నా నేను మాత్రం చేతులూపుకుంటూ బస్సెక్కి, ఆ గదికి పోయి, ఆ చాప మీద, ఆ ఉలి చప్పుడుకు. సంగటి కట్టె మళ్ళీ బియ్యం డబ్బా వెనకకు. అప్పుడు భయం వేసింది. నొప్పి అంటే కాదు, నొప్పి నాకు పాతదే, మళ్ళీ చోటు లేకుండా పోవడం అంటే భయం వేసింది.

'జీవమ్మ టీచర్!' నంద్యాల వచ్చేసింది, మడమ నేల మీద పెట్టలేకపోతున్నాను. లేచాను. ముఖం తనంతట తనే సర్దుకుంది, పళ్ళు బిగిసాయి, కళ్ళు పెద్దవయ్యాయి. లోపల ఫ్యాను కింద పెద్ద సారు, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు, టై కట్టుకున్న కంపెనీ ఆయన, గోడకు ఆనుకుని కల్పన. మిషన్లు మూడూ పెద్ద సారు మోచేతి దగ్గర. 'టీచరు గారా, కూర్చోండి. నొప్పి తగ్గిందా?' నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంది, తగ్గింది సార్ దేవుని దయ, అది రావడానికి నేనేమీ చేయక్కర్లేదు, రాకుండా ఆపడానికి ఒళ్ళంతా కావలసి వచ్చింది. 'తగ్గలేదు సార్' అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కలం కింద పెట్టాడు. 'అంటే మిషను పని చేయలేదు.' 'చేసింది సార్.' 'తగ్గలేదంటారు, పని చేసిందంటారు. ఏదో ఒకటి చెప్పండమ్మా.' 'రెండూ నిజమే సార్. నొప్పి పోదు, అది ఉండేదే. మిషను పెట్టుకుంటే అది పక్కకు జరిగి నాకు చోటిస్తాది. ఆ చోట్లో నేను సంగటి కెలికినా.' పక్కనున్నాయన నవ్వు ఆపుకున్నాడు. 'సంగటా? ఎవరికమ్మా?' 'నాకే సార్. ఇంకెవరూ లేరు.' ఆ నవ్వు పోయింది. పెద్ద సారు మెత్తగానే అడిగాడు, 'ఆసుపత్రిలో ఒకటి పెడితే వచ్చి పెట్టించుకోలేరా?' 'ఆళ్ళగడ్డ నుంచి బస్సెక్కొచ్చి తగ్గించుకొని, మళ్ళీ బస్సెక్కి పోతే, తగ్గించుకున్నదంతా బస్సులోనే పోతాది సార్. నొప్పి ఆసుపత్రికి రాదు, ఇంట్లోనే ఉంటాది.' ఆయన నా ముఖంలోకి చూశాడు. వెటకారం లేదు, నిజంగానే అర్థం కాక అన్నాడు, 'చూస్తే మీరు బాగానే ఉన్నారే.'

బాగానే ఉన్నాను. ఎక్స్‌రే పట్టుకున్న డాక్టరు ముందు బాగానే ఉన్నాను, భారతమ్మ కళ్ళారా చూసినప్పుడు బాగానే ఉన్నాను, ఎడ్విన్ పక్కన బాగానే ఉన్నాను. పళ్ళ మధ్య పట్టుకున్నదాన్ని వదిలేశాను. ఏం చేశానో నాకు తెలియదు, ముఖం మీద నుంచి చెయ్యి తీసేసినట్టు అనిపించింది అంతే, నోరు వంకర పోయింది, గొంతులోంచి ఏదో చప్పుడు, దూడ అరిచినట్టు, అది నాదే, బల్ల అంచు పట్టుకుని సగానికి వంగిపోయాను. సిగ్గు వేసింది, చచ్చేంత సిగ్గు వేసింది, అయినా ముఖం దాచుకోలేదు. కుర్చీలు జరిగాయి. 'అయ్యో, కూర్చోండమ్మా, కూర్చోండి! ఆ మిషను ఇవ్వండి ఆమెకు, ముందు పెట్టుకోమనండి!' పెద్ద సారు లేచి నిలబడ్డాడు. కల్పన పరుగున వచ్చి ప్లాస్టరు ముక్క ఉన్నది తీసి నా చేతిలో పెట్టింది. చక్రం నా బొటనవేలి కిందే ఉంది. ఎంత కావాలో అంత. కాని తిప్పలేదు. 'జ్ఞానప్రకాశం అన్నను పిలవండి సార్' అన్నాను. 'ముందు మీరు...' 'ఆయన్ను మళ్ళీ అడగండి సార్. పోయిందా అని కాదు, అది లేకపోతే రాత్రి పండుకోగలవా అని అడగండి. అంతవరకు నేను పెట్టుకోను.' పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నానేమో, ఎవరూ ఎదురు చెప్పలేదు.

దేవరాజు తెర తీశాడు. జ్ఞానప్రకాశం గుమ్మంలో నిలబడి, సార్లను చూసి చేతులు కట్టుకోబోయి, నన్ను చూశాడు. నేను ముఖం తిప్పుకోలేదు. కిటికీ నా పక్కనే ఉంది, అయినా అటు తిరగలేదు. 'ఏం టీచరమ్మా' అన్నాడు, గుడి గొంతు కాదు, మెట్ల మీద మాట్లాడిన గొంతు, 'నొప్పా?'

'అవునన్నా' అన్నాను. 'నొప్పి. శానా నొప్పి.'

ఆయన భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, సాక్ష్యానికి నిలబడినట్టే నిలబడి, ఒక్క క్షణం ఆగాడు. 'నాకు గూడా ఉండాది సార్' అన్నాడు.